రెండో మోతాదు

పైగదిలో అద్దెకుండే మిషన్లాయన గోడ పట్టుకుని, రెండు మెట్లకోసారి ఆగుతూ మేడ ఎక్కుతున్నాడు.

ఆసుపత్రికి బయల్దేరుతున్న ఇంటాయన కంట్లో పడ్డాడు.

“ఎక్కణ్ణుంచి?”

“ఆసుపత్రినుంచండీ.”

“మళ్ళీనా? జ్వరం తగ్గిపోయిందన్నావుగా?”

“తగ్గి నెల దాటిందండీ. అక్కడ చిన్న పనుండి వెళ్ళాను.”

“కుట్టుమిషన్లు బాగుచేసేవాడికి ఆసుపత్రిలో పనేంటయ్యా? డాక్టర్లు మనుషుల్ని మిషన్‌మీద కుడుతున్నారా?”

మిషన్లాయన నవ్వబోయి ఊరుకున్నాడు.

“అమ్మగారికి ఎలా ఉందండీ?”

ఆ మాటతో ఇంటాయనకు ఒళ్ళు మండింది.

ఆయన భార్యకు మూడేళ్ళ కిందట కిడ్నీ మార్చారు. మార్చిన కిడ్నీ నిలవాలంటే ఒంట్లోని రోగనిరోధక శక్తిని మందులతో అణచిపెట్టాలి. అప్పట్నుంచి ఆమెను గాజు సామానులా చూసుకుంటున్నాడు. అయినా ఊరంతా తిరుగుతున్న వైరస్ జ్వరం ఆమెనూ వదల్లేదు. వారంగా ఆసుపత్రిలో అద్దాల గదిలో ఊపిరికోసం యాతన పడుతోంది.

ఆ జ్వరం ఈ ఇంట్లో ముందుగా వచ్చింది మేడమీదకే.

“తెచ్చిపెట్టిందీ నువ్వే, ఎలా ఉందని అడిగేదీ నువ్వే! మెట్లెక్కే ఓపిక లేదుగానీ తగ్గిందట. రేపు పొద్దున్నే గది ఖాళీ చెయ్యి.”

“ఒక్క వారం ఆగితే...”

“ఒక్క పూట కూడా ఆగను. ఆవిడ తిరిగొచ్చేసరికి నువ్వు ఈ గుమ్మంలో కనబడకూడదు.”

లోపల్నుంచి అమ్మాయి పరుగున వచ్చింది.

“నాన్నా, తగ్గినవాళ్ళ దగ్గర్నుంచి అంటుకోదట. ఉన్నపళంగా పొమ్మంటే మామయ్య ఎక్కడికెళ్తాడు?”

“నీకు మేడమీద మామయ్య కావాలా, అమ్మ కావాలా?”

అమ్మాయి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు అమ్మాయి తల్లి దగ్గర ఆసుపత్రిలో ఉండగానే, మిషన్లాయన పనిముట్ల పెట్టె, పరుపుచుట్ట ఆటోలో వేసుకున్నాడు. తాళంచెవి ఇంటాయన చేతిలో పెట్టాడు.

ఎక్కడికని ఇంటాయన అడగలేదు. గదంతా ఫినాయిల్ పోసి కడిగించాడు.

ఆ మధ్యాహ్నం డాక్టరమ్మ ఆయన్ని పక్కకు పిలిచింది.

“ఒక దారి దొరికిందండీ. ఈ జ్వరం వచ్చి తగ్గినవాళ్ళ రక్తంలో కొన్ని కణాలుంటాయి. ఈ వైరస్‌తో ఒకసారి తలపడి, దాన్ని గుర్తుపెట్టుకున్నవి. మీ ఆవిడ కణాలు మందులవల్ల మగతగా ఉన్నాయి కదా, అందుకని వాటిని తెచ్చి ఎక్కిస్తాం.”

“ఎవరివైనా సరిపోతాయా?”

“ఒంటికి ఒంటికి పొంతన కుదరాలి. ఎంతోమందివి చూశాం, ఒక్కాయనవే కుదిరాయి. నిన్న గంటలతరబడి కదలకుండా పడుకుని ఇచ్చి వెళ్ళాడు.”

“ఎవరండీ ఆ మహానుభావుడు? వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను.”

“చెప్పకూడదండీ. ఆయనకు మీరెవరో తెలీదు, మీకు ఆయనెవరో తెలీదు. ఇక్కడి పద్ధతి అంతే.”

కణాలు ఎక్కించారు.

నాలుగో రోజుకు ఆక్సిజన్ తగ్గించారు. ఆమె కళ్ళు తెరిచి, జుట్టు చిక్కుపడిందని దువ్వెన తెప్పించుకుంది. అద్దం బయట నిలబడి తండ్రీకూతుళ్ళు ఆ దువ్వెనవంకే చూస్తూ నవ్వుకున్నారు.

వారం తిరక్కుండానే జ్వరం మళ్ళీ ఎక్కింది.

“సగం దూరం వచ్చి ఆగిపోయింది,” అంది డాక్టరమ్మ. “రెండో మోతాదు పడాలి. మొదటిసారి తీసినవన్నీ వాడేశాం. మళ్ళీ ఆయనే రావాలి.”

“రమ్మనండి మరి!”

“ఎప్పుడు పిలిచినా వస్తానన్నాడు. కానీ ఫోను పలకడం లేదు. ఆయన ఇచ్చిన చిరునామాకు మనిషిని పంపాం.”

“వేరేవాళ్ళు లేరా?”

“పొంతన కుదిరినవాళ్ళు లేరు.”



“మాటిచ్చి మాయమైపోతే ఎలాగండీ? ఇల్లూ వాకిలీ లేని మనిషా ఏంటి? ఇక్కడొక ప్రాణం ఆయనమీద ఆధారపడి ఉందే!”

డాక్టరమ్మ అద్దాల గదిలోకి వెళ్ళిపోయింది.

అప్పుడే ఆయన ఫోను మోగింది. ఇంటినుంచి అమ్మాయి.

“నాన్నా, ఆసుపత్రినుంచి ఒకాయన వచ్చి మన గుమ్మంలో నిలబడ్డాడు.”

“నేనిక్కడే ఉన్నాగా! అమ్మ సంగతేమన్నా చెప్పాడా?”

“అమ్మ సంగతి ఆయనకేం తెలీదు నాన్నా. మేడమీద మామయ్యను వెంటనే తీసుకెళ్ళాలట, ఎక్కడికెళ్ళాడో చెప్పమని అడుగుతున్నాడు.”