లేచి నిలబడనివాడు

మందిరంలో అందరూ లేచారు. చివరి బల్ల మీద ఒకడు మాత్రం లేవలేదు.

అమెరికా స్వాతంత్ర్య దినమైన జూలై నాలుగుకు ముందు వచ్చే ఆదివారమది. మిస్సోరీ కొండల్లోని ఆ బాప్టిస్టు సంఘంలో ఆ రోజు ఆరాధనకు ముందు జెండాకు ప్రతిజ్ఞ చేస్తారు. ఆ వెంటనే జాతీయగీతం. గుండె మీద చేయి, జెండా మీద చూపు. రెండూ ముగిసేదాకా ఎవరూ తల తిప్పరు. తిప్పడం అమర్యాద.

తలుపు దగ్గర నిలుచునే సంఘపెద్ద ఆర్వెల్ టాకెట్ ఒక్కడే అతన్ని చూశాడు.

బడుల్లో ప్రార్థన తీసేశారనీ, నగరాల్లో కుర్రకారు జెండాలు తగలబెడుతున్నారనీ కలత చెందిన సంఘం అది. వియత్నాం నుంచి ఆఖరి దళాలు తిరిగివచ్చిన ఏడాది. ఆర్వెల్ కొడుకు లైల్ తిరిగి రాలేదు.

న్యాయంగా చెప్పాలంటే ఆర్వెల్ చెడ్డవాడు కాడు. అతని ఇంట్లో నాలుగేళ్లుగా ఒకటే ప్రశ్న. “వాడు ఒంటరిగా పోయాడా?” అని భార్య వర్డీ అడుగుతూనే ఉంది. సైన్యం పంపిన టెలిగ్రాంలో వాడు పోయిన కొండ పేరు ఉంది, తేదీ ఉంది, ఆ జవాబు లేదు. జవాబు ఈ ఆదివారం ఇప్పిస్తానని లైల్ దళానికి అధికారిగా ఉన్న కెప్టెన్ హేన్స్ ఫోన్ చేశాడు. యూనిఫాంలో వచ్చాడు. ముందు వరసలో వర్డీ పక్కనే నిలబడి ఉన్నాడు.

ఇటువంటి పూట ఈ మనిషేమిటి?

హిప్పీ కాడు, జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది. కమ్యూనిస్టు అనుకుందామంటే ఒళ్లో నలిగిన బైబిలు. కళ్లు మూసుకుని ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి.

ఆర్వెల్ అతని చెవి దగ్గరికి వంగాడు. పాట హోరులో వాళ్ల మాటలు ఎవరికీ వినబడలేదు.

“ఏమయ్యా, కాళ్లు బాగాలేవా?”

“బాగానే ఉన్నాయండీ.”

“మరి లేవవేం?”

“మా విశ్వాసంలో దేవుడికి తప్ప ప్రతిజ్ఞ చేయమండీ.”

“దేశం నీకేం పాపం చేసింది?”

“ఏమీ చేయలేదండీ. దేశం కోసం రోజూ మోకాళ్ల మీద ప్రార్థిస్తాను.”

“మోకాళ్ల మీద ఉండగలవు గాని కాళ్ల మీద నిలబడలేవన్నమాట!”

అతను ఒళ్లోని బైబిలును దగ్గరికి తీసుకున్నాడు.

“యుద్ధానికి రమ్మంటే కెనడా పారిపోయిన బాపతేనా నువ్వు?”

“పారిపోలేదండీ.”

“అయితే తుపాకీ పట్టావా?”

“లేదండీ. ఎన్నడూ పట్టలేదు.”

“మా లైల్ పట్టాడు. పట్టుకునే పోయాడు. అదిగో, ముందు వరసలో వాడి తల్లి.”

అతను అటు చూశాడు. తర్వాత ఆర్వెల్ ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు.

“మీరు... లైల్ నాన్నగారా?”

“అవును. ఇంకాసేపట్లో వాడి పేరు చదువుతారు. అప్పుడు నువ్విలా కూర్చుని ఉండటం వాళ్లమ్మ కంట పడకూడదు. బయటికి నడు.”

“ఆ పేరుకు లేస్తానండీ. తప్పకుండా లేస్తాను.”

“జెండాకు లేవనివాడు మా వాడికి లేవనక్కర్లేదు.”

“అయ్యా, ఆ తల్లితో ఒక్క మాట...”

“ఒక్క మాటా వద్దు. ఆవిడ ఇప్పటికే చాలా ఏడ్చింది.”

ఆ మాటకు అతను లేచాడు. కళ్లనిండా నీళ్లు. కోపం లేదు, సిగ్గు కూడా లేదు. అది ఏమిటో ఆర్వెల్‌కు అంతుపట్టలేదు. అతను ఆర్వెల్ భుజాన్ని మెల్లగా తాకి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

గీతం ముగిసింది. కిటికీ పక్కనున్న సిస్టర్ ఓపల్, బయట కళ్లు తుడుచుకుంటూ పోతున్న అతన్ని చూసి వెనక్కి తిరిగింది.

“ఎవరు బ్రదర్ ఆ మనిషి?”

“ఏమో. నేనెరిగిన రకాల్లో లేడు.”

“ఏడుస్తూ పోయాడేం?”

“అదే తెలీక చస్తున్నాను.”

కిటికీలోంచి చూస్తే, రోడ్డు మీద ఆగిన బస్సు అతన్ని ఎక్కించుకుని మలుపు తిరిగింది.

పాస్టరుగారు యుద్ధంలో పోయిన సంఘపు బిడ్డల పేర్లు చదివారు. చివరి పేరు లైల్‌ది. అందరూ నిలబడ్డారు. తర్వాత కెప్టెన్ హేన్స్ వేదికెక్కి గొంతు సవరించుకున్నాడు.

వర్డీ ఆగలేకపోయింది.

“కెప్టెన్‌గారూ, ప్రసంగం తర్వాత చేద్దురు. మా లైల్ ఒంటరిగా పోయాడా?”

“లేదమ్మా. ఒంటరిగా పోలేదు.”

“మీరున్నారా దగ్గర?”

“నేను కొండ కింద చిక్కుకుపోయానమ్మా. దగ్గరున్నది మా దళంలో గాయాలకు కట్లు కట్టే కుర్రాడు. లైల్ చివరగా ఏమన్నాడో నాకు కూడా చెప్పలేదు. ఒక్కసారే చెప్పగలను, తల్లికే చెబుతానన్నాడు. ఎంతో బతిమాలితే ఇవాళ ఇక్కడికి వస్తానని ఒప్పుకున్నాడు.”

వర్డీ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. “ఏడీ? ఏడీ బాబు?”

జనమంతా వెనక్కి తిరిగి మరో యూనిఫాం కోసం చూశారు.

“సైనికులెవరూ రాలేదే!” అన్నారు పాస్టరుగారు.

“యూనిఫాం వేసుకోడు పాస్టరుగారూ. మామూలు బట్టలే.”

ఆర్వెల్ తలుపు తీసి, బస్సు పోయిన మలుపు వైపు చూశాడు.

కెప్టెన్ వేదిక దిగి, ఒక్కొక్క బల్లే చూస్తూ చివరి దాకా వచ్చాడు, ఖాళీ చోటు దగ్గర ఆగిపోయాడు.

“అతన్ని పోల్చుకోవడం తేలికేనండీ,” అన్నాడు అయోమయంగా, “ఎన్ని తిట్లు తిన్నా జెండాకు లేవడు, చంపుతామన్నా తుపాకీ ముట్టడు, ఆ రాత్రి తూటాల మధ్య వట్టి చేతులతో కొండెక్కి, లైల్ తల ఒళ్లో పెట్టుకుని తెల్లవారేదాకా కదలకుండా కూర్చున్నది అతనే.”