కనకం క్రిస్మస్ ఫ్రెండ్

“ఈ చీటీ కనకమహాలక్ష్మే రాసిందని ఎలా చెప్పగలరు టీచర్?” అని అడిగింది పెద్ద సిస్టర్.

హాస్టల్ టీచర్ కరుణమ్మ చీటీని మళ్ళీ చదివింది. అమ్మాయిలు మనసులో మాట రాసి వేసుకోవడానికి వరండాలో పెట్టిన పెట్టెలో దొరికిందది. చేతిరాత ఎవరిదో పోల్చుకోవడానికి వీల్లేకుండా అక్షరాలు విడివిడిగా, నిలువుగా రాసి ఉన్నాయి.

‘క్రిస్మస్ సెలవులకి ఇంటికి వెళ్ళాలంటే భయంగా ఉంది. ఎవరికీ చెప్పలేకపోతున్నాను.’

కింద పేరు లేదు.

“ఆ గుంట జూలైలో చీడికాడ నుంచి వచ్చింది సిస్టర్. సరిగ్గా తినదు, ఎవరితో మాట్లాడదు. ఆదివారం ఇంటినుంచి ఫోనొస్తే చాలు, పెట్టేసేక గంటసేపు ఏడుపే. ఇంకెవరు రాస్తారు?”

“మీరు అడిగారా?”

“అడిగేను. తలొంచుకుని నిలబడిపోయింది.”

“మనం అడిగితే ముడుచుకుపోతారు. తోటి పిల్ల అడిగితే చెప్పొచ్చు. సెలవులకి ఇంకా పది రోజులుంది టీచర్. సంగతి తేలకుండా ఆ అమ్మాయిని ఇంటికి పంపడం నాకిష్టం లేదు.”

కరుణమ్మకి వెంటనే కీర్తి గుర్తొచ్చింది. పదో తరగతి. హాస్టల్లో ఎక్కడ నవ్వులు వినిపించినా ఆ గుంపు మధ్యలో కీర్తే ఉంటుంది.

ఆ సాయంత్రం క్రిస్మస్ ఫ్రెండ్ చీటీలు తీయించారు. ఏటా ఉండే ఆటే. ఎవరి పేరు వస్తే వాళ్ళకి, తనెవరో తెలియనివ్వకుండా, సెలవులిచ్చేదాకా రోజుకో మంచిపని చెయ్యాలి. ఈసారి కరుణమ్మ కీర్తిని ముందే పక్కకి పిలిచి, కనకం పేరున్న చీటీ చేతిలో పెట్టింది. పెట్టెలో దొరికిన దాని సంగతి కూడా చెప్పింది.

కీర్తి చేతిలోని చీటీని మడిచి, మళ్ళీ విప్పింది.

“కనకమా టీచర్?”

“మరింకెవరే?”

“అదీ నిజమేలెండి,” నవ్వేసింది కీర్తి. “అయితే నన్ను సీఐడీని చేసేరన్నమాట. జీతమెంత?”

“రెండు కేకు ముక్కలు. దానికి ఏటి కొందాం? క్లిప్పులా, పెన్నా?”

“కొనడాలొద్దు టీచర్. అలాటి గుంటకి గిఫ్టులిస్తే ఇంకా ఏడుస్తాది. అన్నం కాడ పక్కన ఎవరో ఒకరు కూకుంటే సాలు. పడుకునేటప్పుడు ‘నిద్దరొస్తందా’ అని అడిగితే సాలు.”

“ఇవన్నీ నీకెలా తెలిసేయే?”

“సీరియల్సు టీచర్. సెలవులంతా అదే పని.”

మర్నాటి నుంచి కనకం పక్కన పూటకొకరు భోజనానికి కూర్చోసాగారు. కీర్తే పంపుతోందని కనకానికి అనుమానం రాలేదు. దిండు కింద రోజుకో కాగితం కనిపించేది. ‘నిన్న నువ్వు తక్కువ తిన్నావు. చూశాను.’ ‘ఈ రోజు కారల్స్‌లో నీ గొంతు వినిపించాలి.’ ఆదివారం ఫోన్ల వరసలో కీర్తి, తన పేరు చెప్పొద్దని కరుణమ్మతో అని, తన వంతు కూడా కనకానికి ఇప్పించేసింది.

“నీకొద్దేటే?” అంది కరుణమ్మ.

“మా ఇంట్లో వాళ్ళకి నా గొంతు బోరు టీచర్. దాన్ని మాట్లాడనీండి.”

వారం తిరిగేసరికి కనకం రెండోసారి అన్నం అడిగింది. బాలయేసు బొమ్మ కోసం కట్టిన చిన్న పశువుల పాకకి గడ్డి కప్పుతూ ఏదో అంటే అందరూ నవ్వారు. “ఓలమ్మ, దీనికి నోరుందే!” అంది పక్క మంచం రోజా.

కరుణమ్మ మాత్రం రోజూ సాయంత్రం కీర్తిని అడుగుతూనే ఉంది.

“సెప్పిందా?”

“లేదు టీచర్. ఇంటి మాటెత్తితే వాళ్ళ గేదె గురించి సెప్తాది, తమ్ముడి గురించి సెప్తాది. భయమని ఒక్క మాట లేదు.”

“దాస్తంది. నెమ్మదిగా అడుగు.”

“అసలది రాయలేదేమో టీచర్.”

“నీకు తెలీదులే. సిన్నపిల్లవి.”

సెలవులిచ్చే రోజు మధ్యాహ్నం పాటలయ్యాయి, కేకు కోశారు, ఎవరి ఫ్రెండ్ ఎవరో చెప్పుకున్నారు. తన ఫ్రెండ్ కీర్తి అని తెలియగానే కనకం వెళ్ళి వాటేసుకుని వదల్లేదు. “నా బుర్ర రాలిపోద్దే, ఒగ్గీ!” అంది కీర్తి.

తల్లిదండ్రులు రావడం మొదలైంది. కనకం తండ్రి బండి గేటు దగ్గర ఆగగానే కరుణమ్మ గబగబా అటు నడిచింది. ఏదో ఒకటి తేల్చుకునేదాకా పంపకూడదనుకుంది. ఈలోగా కనకం ఆమెను దాటుకుని పరిగెత్తింది.

“ఇంతసేపేటి నాన్నా?”

“సెరుకు ట్రాక్టర్లమ్మా, రోడ్డంతా అవే. సిక్కిపోయేవేటే?”

కరుణమ్మ కనకాన్ని పక్కకి తీసుకెళ్ళింది. “ఇంటికెళ్ళడానికి భయమేటైనా ఉందా? నిజం సెప్పు.”

“భయమేటి టీచర్? ఫోను పెట్టేస్తే బెంగొచ్చేది, అంతే.”

“మరి పెట్టెలో చీటీ?”

“ఏ చీటీ టీచర్?”

బండి వెళ్ళిపోయింది. కరుణమ్మ గేటు దగ్గర నుంచి వెనక్కి తిరిగింది. యాభై మంది పిల్లల్లో సగానికి పైగా అప్పటికే వెళ్ళిపోయారు. పది రోజులూ చూడాల్సిన పిల్లని వదిలేసి మరో పిల్లని చూసింది. ఎవరిని ఎక్కడికి పంపించేసిందో!

వరండాలో కీర్తి ఒక్కతే కుర్చీ ఎక్కి, కట్టిన కాగితం నక్షత్రాలు ఒక్కొక్కటే విప్పుతోంది.

“కీర్తీ, మీ బాబాయొచ్చేడమ్మా!” గేటు దగ్గర నుంచి కేకేశాడు వాచ్‌మన్ సత్యారావు.

“వస్తన్నా,” అంది కీర్తి, ఇంకో ముడి విప్పుతూ.

కరుణమ్మ వచ్చి స్తంభం పట్టుకుని నిలబడింది. “పొరపాటు పడ్డానే కీర్తీ. ఆ చీటీ కనకానిది కాదు. రాసిన గుంట ఎవరో, ఏటో. ఈపాటికి ఇంటికెళ్ళిపోయుంటాది.”

కీర్తి కుర్చీ దిగింది.

“ఇంకా వెళ్ళలేదు టీచర్.”