పది నిమిషాల అమ్మ

పక్క సందులో మేడ మీద ఉండే టిప్‌టాపమ్మ ఇంట్లో ఇద్దరు పిల్లలున్నా, ఇస్త్రీకి వచ్చే మూటలో ఒక్క మరక కూడా కనబడదట. ఈ మాట ఇస్త్రీ చేసే ఆమె రేడియో పిన్నితో అంటే, రేడియో పిన్ని దానికి ఉప్పూ కారం అద్ది తెచ్చి చీట్లమ్మ గుమ్మంలో ఒలకబోసింది. రేడియో పిన్ని అంటే ఎదురింటావిడే. ఆమె చెవిన ఒక మాట పడితే సాయంత్రానికి వాడంతా వినేస్తుంది గనక ఆ పేరు. పిల్లలున్న కొంపలో మరక లేకపోవడమేమిటి, ఆ పిల్లలు ఏడవగా విన్నవాళ్ళు కూడా లేరట, నోరు నొక్కి పెంచుతోందో ఏమో, అని ముక్కు మీద వేలేసుకుని పోయింది.

చీట్లమ్మ ఆసుపత్రి కౌంటర్లో రోగులకు చీట్లు రాసే ఉద్యోగి. పిన్ని చెప్పేది వింటూ తన భుజం వంక చూసుకుంది. ఏడాది నిండని చిన్నోడు పొద్దున కక్కిన పాలు అక్కడే అట్టకట్టి, పులిసిన కంపు కొడుతున్నాయి. చొక్కా అంచున అరటిపండు జిగురు. మోకాలి మీద ఎండిన చీమిడి చార. తన ఒంటిని తానే ముట్టుకోవాలనిపించనంత రోత పుట్టింది.

ఈ రోత ఇవాళ్టిది కాదు. మొన్న రెండో తరగతి చదివే కూతురు, బడిలో తల్లిదండ్రుల మీటింగు ఉంది, నాన్నని పంపమంది. నాన్న ఊళ్ళో లేడు, నేనొస్తాలే అంటే, పిల్ల తలైనా ఎత్తకుండా చెప్పేసింది.

"నువ్వొద్దమ్మా. కిందటిసారి నీ దగ్గర వాసనొస్తోందని నా పక్కనమ్మాయి ముక్కు మూసుకుంది."

అనేసి హాయిగా పెన్సిలు చెక్కుకుంది. తల్లికి ఆ పూట ముద్ద దిగలేదు.

మీటింగు రేపే. కూతురి పక్కన తలెత్తుకుని కూర్చోవాలంటే ఇవాళే దారి దొరకాలి. దారి చూపేది టిప్‌టాపమ్మ ఒక్కతే. ఆవిడ 'పది నిమిషాల అమ్మ' అని ఫోన్లో రోజుకో వీడియో పెడుతుంది. పిల్లల్ని చెరో పక్కన కూర్చోబెట్టుకుని, తెల్లచొక్కా, నీలం ప్యాంటు, శుభ్రమైన బూట్లు, మెడలో సన్నటి స్కార్ఫు, ఇంతేనండీ, ఎంత తీరికలేని తల్లయినా దొరసానిలా వీధిలోకి రావచ్చు, అని నవ్వుతూ చెబుతుంది. చీట్లమ్మ వారం రోజులుగా ఆవిడ చెప్పినట్టల్లా చేసింది. చొక్కా ముందు అంచు ప్యాంటులోకి దోపి, వెనక వదిలేసి, చేతులు రెండు మడతలు మడిచి అద్దం ముందు నిలబడితే నిజంగానే బాగుంది. బాగున్నది మూడు నిమిషాలు. నాలుగో నిమిషంలో చిన్నోడు పాక్కుంటూ వచ్చి, కాళ్ళు పట్టుకుని లేచి, గంజి మూతిని ప్యాంటుకు రాసేశాడు. అది మార్చుకునేలోగా పెద్దది జడ వేయమని నూనె సీసాతో సహా మీద పడింది. వారంలో ఏడు చొక్కాలు బకెట్టులో మునిగాయి.

ఇక లాభం లేదని సగం రోజు సెలవు పెట్టి, చిన్నోణ్ణి చంకనేసుకుని, మధ్యాహ్నం మూడింటికి వెళ్ళి టిప్‌టాపమ్మ తలుపు తట్టింది.

ఆవిడ వీడియోలో కన్నా నున్నగా ఉంది. లోపల తెల్ల తివాచీ, తెల్ల సోఫా. సోఫాలో ఆరేళ్ళ పిల్లా మూడేళ్ళ పిల్లాడూ ఒకే రంగు చొక్కాలు తొడుక్కుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బట్టల దుకాణం బొమ్మల్లా కూర్చున్నారు. ఎదురుగా స్టాండు మీద ఫోను.

"బాబుని కిందికి దించకండి. తివాచీ తెలుపు," అంది ఆవిడ, రండి అనడానికి బదులు.

చీట్లమ్మ వచ్చిన పని చెప్పింది. ఆవిడ విసుక్కోలేదు, ఒక్కో బట్టా తీసి చూపించింది. ఒంటి మీద మూడు రంగులకు మించొద్దంది. చొక్కా వదులైతే ప్యాంటు బిగువుగా ఉండాలంది. ఏమీ తోచని రోజున బూట్లు తుడుచుకుంటే సగం పరువు నిలుస్తుందంది. అంతా సబబుగానే ఉంది. అంతలో చిన్నోడు వెక్కిళ్ళు పెట్టి, తల్లి భుజం మీద మళ్ళీ ఇన్ని పాలు కక్కాడు. టిప్‌టాపమ్మ రెండడుగులు వెనక్కి వేసి, కుళ్ళిన గుడ్డు పగిలినట్టు ముక్కు చిట్లించింది.

"ఇదేనండీ నా గొడవ," అంది చీట్లమ్మ తల దించుకుని. "మీకూ ఇద్దరున్నారు కదా, మీ మీద మరకెలా పడదు?"

"పెంపకమండీ. తల్లి శుభ్రంగా ఉంటే పిల్లలకీ అదే అబ్బుతుంది. మా ఇద్దరూ ఒక్కనాడు నా చొక్కా ముట్టుకోలేదు."

చీట్లమ్మకు ముందు సిగ్గేసింది. ఆ వెనకే పిల్లల వంక చూసింది. తల్లిని ముట్టుకోని పిల్లలేమిటి? సోఫాలో పిల్లాడికి ముక్కు కారి పెదవి దాకా వచ్చింది. వాడు తుడుచుకోలేదు. టిప్‌టాపమ్మ చూసింది. చూసి, ముక్కు కనబడకుండా ఫోను స్టాండు పక్కకు జరిపింది.

అంత వెగటు చీట్లమ్మకు తన చొక్కా మీద కూడా ఎన్నడూ కలగలేదు. గబగబా వెళ్ళి, ఎలాగూ చెడిన తన చొక్కా అంచుతోనే వాడి ముక్కు తుడిచింది. రేడియో పిన్ని మాట నిజమేనేమోనని పిల్లల చేతుల మీద వాతల కోసం వెతికింది. ఏమీ లేవు. ఆడపిల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మెల్లగా అడిగింది.

"అమ్మ చొక్కాకి ఎప్పుడూ మూతి తుడుచుకోవా తల్లీ? కొడుతుందా?"

స్కార్ఫు మడతపెడుతున్న టిప్‌టాపమ్మ చేతులు ఆగిపోయాయి. పిల్ల ఆవిడ వైపు ఒకసారి, గోడ గడియారం వైపు ఒకసారి చూసింది.

"మా అమ్మ ఐదింటికి షిఫ్టు దిగి వస్తుంది, అప్పుడు తుడుచుకుంటా."