లైబ్రరీలో తప్పు

అనితకి ఒకటే భయం. నిద్రలో బిడ్డ ఊపిరి ఆగిపోతుందని. మొదటి పాప అలాగే పోయింది.

అందుకే భర్త దేవేంద్ర ఊపిరి అలారం తయారుచేశాడు. పొట్టకి కట్టే సాగే పట్టీ, అందులో సెన్సర్. ఊపిరి ఆగితే వంటింటి గోడకున్న పెట్టె కూస్తుంది.

సెన్సర్‌ని నడిపే సర్క్యూట్ బోర్డుని ఏ సాఫ్ట్‌వేర్‌లో గీయాలన్నదే పెద్ద తర్జనభర్జన అయింది. దేవేంద్ర గరివిడిలో ఉద్యోగం చేసినప్పుడు ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఉండేది. దానిలో ప్రతి విడిభాగాన్నీ తనే కొలిచి, బొమ్మ గీసి, ఆ బొమ్మలు దాచే లైబ్రరీలో పెట్టుకునేవాడు. ఇంట్లో ఉచితంగా దొరికేదే గతి. దాని లైబ్రరీ నిండా ఎవరెవరో గీసిపెట్టిన బొమ్మలు.

"ఎవులు గీసినారో తెలీని బొమ్మని నమ్మి నా పసిగుంటకి కడతావేటి బావా?" అంది అనిత.

"లోకమంతా వాడతన్నారే. ఇంటర్ మజ్జిలో మానీసినదానివి, నీకేటి తెలుస్తాది?"

"సదువే మానీసాను. బయం మానలేదు."

"ఆపండర్రా మీ గోల!" అంది అత్త జగ్గమ్మ. "గుంటకి నీల్లు పొయ్యాల. ఆ పట్టీ ఇలాగియ్యి, నాను సూసుకుంటాను."

పాపకి నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ పట్టి, పాత చీర ముక్కలో చుట్టి ఉయ్యాల్లో వేసింది. మధ్యాహ్నం అన్నం తిని, వెనకగదిలో నడుం వాల్చింది.

పెట్టె కూసింది.

అనిత కంచం వదిలేసి పరుగెత్తింది. పాప ముక్కు కింద వేలు పెట్టింది. వెచ్చటి గాలి. కూత ఆగిపోయింది.

కాసేపటికి మళ్లీ కూత. మళ్లీ పరుగు. పాప నిద్రలో పెదాలు చప్పరిస్తోంది.

ఆ తర్వాత మొదలైన కూత ఇక ఆగలేదు. పాప ఊపిరి తీస్తూనే ఉంది. అనిత దేవేంద్రని కేకేసింది.

"ఇది ఈ గుంట కోసం కాదు బావా. ఆ పోయిన గుంటే పిలస్తన్నాది."

"నీ మొకం! నువ్వన్నదే నిజమైపోనాది. ఆ లైబ్రరీ బొమ్మలో ఎవడో సెన్సర్ కాళ్లు తిరగేసి గీసీసినాడు. సాయంత్రం నేనే కొలిచి గీస్తాను."

దేవేంద్ర పెట్టె దించి బ్యాటరీ పీకేశాడు. ఇల్లంతా చప్పున సద్దుమణిగింది.

"అంత కూతకీ మాయమ్మ కదిల్నాదేటి? నువ్వూ అలాగ పడుకోయే."

అనిత ఉయ్యాల పక్కనే చాప వేసుకుంది. చాన్నాళ్లకి కళ్లు మూతపడ్డాయి.

కొత్త వస్తువేదైనా పెద్దవాళ్ల ఒంటిమీద ఒకపూట ఉంచాకే పసిబిడ్డకి పెట్టే జగ్గమ్మ, పొద్దున ఆ పట్టీని తన నడుముకే కట్టుకుంది, కాస్త ఎవరైనా వెనకగదిలోకి వెళ్లి ఆవిణ్ణి చూడండి.