ముదురు నీలం ముక్క

"మధ్యలో దూది వద్దు, జీన్సే బోలెడు బరువు. అడుగున ఈ ఎర్రగళ్ల ఫ్లానెల్ గుడ్డ వేస్తే చాలు," అంది అమ్మ నాతో, జీన్సుల్ని చదరాలుగా కత్తిరిస్తూ.

మా నెబ్రాస్కా పల్లెలో ఇంటాయన పోయాక ఆయన జీన్సులతో బొంత కుట్టుకోవడం మామూలే.

గుమ్మంలో చేతికర్ర చప్పుడైంది. ఆస్పత్రి నుంచి వచ్చాక నాన్న మంచం దిగడం ఇదే మొదలు.

"ఎవరు పోయారే, లోర్నా?"

అమ్మ గబుక్కున ఫ్లానెల్‌ని ముక్కల మీదికి లాగింది. నాన్న దాన్ని తొలగించాడు.

"ఇవి నావి కదా! ఆవులు ఈనే వేళకి లేచి తిరుగుతావని మీరిద్దరూ నాతో చెప్పారే!"

"పాతవే, వెండెల్. చిరిగిపోయినవి."

నాన్న కుప్పలోంచి ముదురు నీలం ముక్క ఒకటి తీశాడు. దానికి కొట్టువాళ్ల ధర చీటీ ఇంకా వేలాడుతోంది.

"లేచిన రోజున తొడుక్కుందామని దాచుకున్నాను. ఇప్పుడు దీనికోసమే వచ్చాను."