పూడ్చేసిన చెరువు

"పూడ్చేశారా! నిజంగా?"

"నిజంగానే. మొన్నటి వానలకి గట్టు తెగిందట. మరమ్మతులు దండగని ఏకంగా మట్టి పోసి చదును చేసేశారు," అంది వదిన, భుజాన గోల్ఫ్ బ్యాగు సర్దుకుంటూ.

మరిది అడుగు ఆగిపోయింది. పద్దెనిమిది హోల్స్‌లో, అంటే బంతి వేయాల్సిన గుంటల్లో, పదిహేడు అయిపోయాయి. మిగిలింది ఆఖరిదొక్కటే, ఆ చెరువున్నదీ అక్కడే.

"ఇంత మంచి మాట ఇంతసేపూ చెప్పలేదేం వదినా?"

"బాగుంది వరస! ఇవాళ చెరువు పేరెత్తొద్దని పొద్దున నాచేత ఒట్టు వేయించుకున్నదెవరు?"

ఆ చెరువు కథ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. ఏడాదికోసారి జట్టు ఎంపిక పోటీ ఈ మైదానంలోనే జరుగుతుంది. మరిది పదిహేడు హోల్స్ దాకా రాజాలా ఆడతాడు. ఆఖరిదానికి వచ్చేసరికి చేతులు కొయ్యబారిపోయి బంతిని నీళ్లపాలు చేస్తాడు. వరసగా మూడేళ్లు ఇదే తంతు. బీమా ఆఫీసులో ఫిర్యాదుల ఫోను ఎత్తే ఉద్యోగం ఆయనది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా జనం తిట్లన్నీ విని, వెన్న రాసినట్టు జవాబు చెప్పే మనిషి. అలాంటివాడు కాసిన్ని నీళ్లకి బెదిరిపోతాడంటే ఆఫీసులో ఎవరూ నమ్మరు.

ఈసారి కూడా నీళ్లలో పడితే బ్యాగు అటకెక్కించేస్తానని రాత్రి చెప్పేశాడు. చెప్పాక భోజనం సగంలోనే లేచిపోయాడు.

"ఆ బుడుంగుమనే చప్పుడు నిద్రలో కూడా వినపడుతుంది వదినా," అన్నాడు నడుస్తూ. "మనసుకి శిక్షణ ఇస్తానన్న ఒకాయన పాఠాలు నెల్లాళ్లు విన్నాను. నీళ్లు లేవనుకోండి, నీళ్లు లేవనుకోండి అంటాడు. అనుకున్న కొద్దీ చెరువు కాస్తా సముద్రమైంది."

"దానికి తోడు మీ అన్నయ్య దండకం ఒకటి! ఎదురుగా చెరువుందిరా, ఎడమ పక్క ఇంకాస్త ఉందిరా, జాగ్రత్తరా అని. అబద్ధమాడితే ఆయన నాలుక ఊడిపడుతుంది మరి."

మరిది బ్యాగు మోయడం ఎప్పుడూ అన్నయ్య పనే. మోకాలు వాచి ఆయన మంచం దిగలేకపోవడంతో ఈ ఏడు అది వదిన భుజానికెక్కింది. ఆమె దర్జీ. గోల్ఫ్ గురించి తెలిసింది అంతంతమాత్రమే అయినా, దూరం చెప్పిందంటే టేపు పెట్టి కొలిచినట్టే.

ఆఖరి హోల్ దగ్గరికి వచ్చాక కూడా మరిది ఆమె భుజాన ఉన్న బ్యాగు పట్టీని వదల్లేదు.

"వదులు నాయనా. నీ బ్యాగెత్తుకుని పారిపోనులే," అంది వదిన.

అక్కడికీ జెండాకీ మధ్య ఒక మిట్ట ఉంది. చెరువు చోటు దాని వెనకే. ఇక్కడ నిలబడితే మిట్టకి అవతల ఎత్తులో, గుంట చుట్టూ గడ్డి నున్నగా కత్తిరించి ఉన్న గ్రీన్, దాని మీద జెండా తప్ప ఎవరికీ ఏమీ కనపడదు. స్కోరు రాసే ముసలాయన గొంతు సవరించుకుని ఏదో అనబోయాడు. వదిన గబుక్కున వేలు పెదాల మీద పెట్టుకుంది.

"మా మరిది కొట్టేటప్పుడు పక్కన చప్పుడు పనికిరాదండీ."

ముసలాయన చేతిలో కాగితం మీదికి తల వంచేశాడు.

"నాలుగు దెబ్బల్లో ముగిస్తే జట్టులో చోటు," అన్నాడు మరిది.

"ముగిస్తావులే. నూట ఇరవై గజాలు. గాలి వెనకనుంచి. మధ్యలో గడ్డి తప్ప ఇంకేం లేదు." వదిన గొంతుక్కూర్చుని, కుట్టేముందు గుడ్డ అంచు సరిచేసినట్టు, గోల్ఫ్ కర్ర కొసని వెంట్రుకవాసి కుడికి జరిపింది.

"తడి వాసన వస్తోందేం?"

"గడ్డి తడిపారు. ముక్కు పని మాని చేతుల పని చూడు."

మరిది ఫక్కున నవ్వాడు. ఈ హోల్ దగ్గర ఆయన నవ్వడం అదే మొదటిసారి. బిగుసుకున్న భుజాలు కిందికి దిగాయి, పిడికిలి వదులైంది. ఊపిరి వదిలి, కొట్టాడు.

తల పక్కకి వాల్చి, చెవులు రిక్కించి నిలబడ్డాడు. ఒకటి, రెండు, మూడు. బుడుంగు లేదు.

"గ్రీన్ మీదే పడింది! జెండాకి ఎనిమిది అడుగులు," అన్నాడు ముసలాయన. ఆయనకీ ఊపిరి అప్పుడే తిరిగొచ్చినట్టుంది.

మిట్ట చుట్టూ తిరిగి వెళ్లి, మరో రెండు దెబ్బల్లో బంతిని గుంటలో వేసేశాడు మరిది. మొత్తం మూడు. జట్టులో చోటు ఖాయం. మూడేళ్ల బరువు ఒక్కసారిగా దిగిపోయేసరికి గడ్డి మీదే చతికిలబడి పిచ్చివాడిలా నవ్వాడు. వదినకి మాత్రం కళ్లలో నీళ్లు ఆగలేదు.

అంతలో అన్నయ్య ఫోను. "ఏమైందిరా? చెరువు దాటిందా?"

"ఇంకా చెరువెక్కడిదన్నయ్యా! పూడ్చేశారుగా!"

అవతలినుంచి, "ఒకసారి మీ వదినకివ్వు," అని వినిపించింది.

వదిన ఫోను తీసుకుని, "గెలిచాడు. మీరు మోకాలికి మందు రాసుకోండి," అని పెట్టేసింది.

తిరిగి వెళ్లేటప్పుడు మరిదికి ఒక కోరిక పుట్టింది. "వదినా, ఆ పూడ్చిన చోటికి తీసుకెళ్లవూ? నన్ను అన్నేళ్లు ఏడిపించింది. దాని నెత్తిన రెండు కాళ్లూ పెట్టి నిలబడాలి."

"ఇంకా నయం! కొత్త మట్టి, మోకాళ్ల దాకా దిగబడిపోతావు."

"పోనీలే. ఇక జన్మలో నాకు దాని భయం లేదు."

"నాకు అదే చాలు. కాస్త ఇటు జరుగు, అటు జారుతుంది. ఏదీ, చెయ్యివ్వు."

నిండుగా ఉన్న చెరువు అంచు వెంబడి, పుట్టుకతో చూపులేని మరిదిని వదిన జాగ్రత్తగా నడిపించుకుపోయింది.