మెసేజు వచ్చే యాప్

ఆలూరు అమ్మాయిల వాలీబాల్ క్లబ్బు కోసం కోచ్ రెజీనా నాలుగైదు యాప్‌లు చూసి, చివరికి ఒకటి ఎంచుకుంది. ఆట బుక్ చేసినా, ఫీజు కట్టినా వెంటనే ఫోనుకు మెసేజు వెళ్తుంది. అదే ఆమెకు నచ్చింది.

"ఇంక ఆట సంగతి మర్చిపోయినామని ఎవురూ చెప్పేకి కాదు," అంటూ ఒక్కొక్క అమ్మాయినీ ఇంటి నంబరు అడిగి యాప్‌లో ఎక్కించసాగింది.

శివజ్యోతి మాత్రం నంబరు చెప్పకుండా నిలబడింది.

"మేడమ్, మెసేజు రాని యాప్ ఏదన్నా ఉండాదా?"

"శానా ఉండాయి. అందుకే వాటిని వద్దనుకున్న్యా." రెజీనా నవ్వింది.

శివజ్యోతి ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోను నంబరు చెప్పింది. రెజీనా అదీ ఎక్కించి, మరుసటి రోజు ఆట తనే బుక్ చేసింది.

మరుసటి సాయంత్రం రెజీనా నెట్ కట్టి ఎదురుచూసింది. యాప్‌లో మెసేజు అందినట్టు అందరి పేర్లూ ఆకుపచ్చగా వెలుగుతున్నాయి. మైదానంలో ఒక్కరూ లేరు.

ఫోను మోగింది. అవతలి గొంతులో కోపం లేదు.

"మేడమ్, నేను శివజ్యోతి నాయనను. మా పాప దినామూ ట్యూషన్‌కు పోతాందనుకుంటి. వాలీబాల్ అని మెసేజు వచ్చె. ఇంక పంపీము మేడమ్."

ఆమె నోరు తెరిచేలోపే లైను కట్టయింది. వెంటనే ఫోను మళ్లీ మోగింది. తెరమీద, నిన్న తను చేతులారా ఎక్కించిన నంబర్లలో ఇంకొకటి.